వాడని వంతు

కప్పు వేసిన పంతొమ్మిదో ఏడు, 109వ రోజు

గాలి ఆఫీసువాళ్ళు ఇచ్చిన ఈ వంతుల పుస్తకంలో ఆరు కొట్లకీ ఆరు గీతలున్నాయి. ఒక్కో గీత ఎదురుగా ‘వాడారు’ అనో ‘వాడలేదు’ అనో రాయాలి. చివర ‘వివరాలు’ అని చిన్న గడి. అందులో రెండు మాటలకు మించి రాయొద్దని ఇన్‌స్పెక్టరు మేఘన గారు పోయిన నెల నాకు చీవాట్లు పెట్టింది. పెడితే పెట్టింది. మెరకపాలెం మూడో వరసలో ఓపిగ్గా కూర్చుని రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. జీతం లేని చాకిరీ ఇది. కనీసం నాకిష్టమైనన్ని మాటలు రాసుకుంటాను. గడి చాలకపోతే వెనక పేజీ ఖాళీగానే ఉంది.

తొమ్మిది నుంచి పదిన్నర: సింహాచలం, అంటే నేను. బిందెలకీ గిన్నెలకీ సొట్టలు తీస్తాను. వాడాను. నా సుత్తి మోగుతున్నంతసేపూ వెనక గదిలో మా అక్క బుల్లెమ్మ రోజంతటికీ సరిపడా తాలింపులు పెట్టేసుకుంటుంది. ఇల్లూ కొట్టూ ఒకే గోడ. గుమ్మం మీదున్న ముక్కుపెట్టెకి రెండూ ఒకటే. చప్పుడు, వాసన, పొగ, మూడూ పట్టేస్తుంది. మన వంతులో చేస్తే ఆకుపచ్చ దీపం. వంతు కానప్పుడు నాలుగు ఆవాలు చిటపటమన్నా ఎర్రదీపం. మూడు ఎర్రదీపాలైతే కొట్టు మూత.

పదిన్నర నుంచి పన్నెండు: సత్తిరాజు, కారం మర. వాడాడు. పెళ్ళాం నూకరత్నం మిరపకాయలు వేయిస్తుంది, ఇతను మర తిప్పుతాడు. వరస మొత్తంలో ఇదే పెద్ద వంతు. మూడు రకాల్లోనూ పై హద్దు దాకా వెళ్ళొచ్చు. ఇవాళ ఆ ఘాటుకి నేను పదకొండు తుమ్ములు తుమ్మాను. తుమ్ములు నా కొట్లోవి కాబట్టి ఎర్రదీపం వస్తుందేమోనని హడలి చచ్చాను. రాలేదు.

పన్నెండు నుంచి ఒకటిన్నర: దుర్గారావు, ఎండుచేపలు. వాడాడు. మిగతా మూడు కొట్లూ వాడాయి.

ఈ వంతుల పద్ధతి ఆఫీసుది కాదు, మాది. సముద్రం లంకల్ని మింగేశాక మమ్మల్ని ఈ మెరకకి తెచ్చి, ఎండకి మాడిపోకుండా ఊరి మీద కప్పు వేశారు. కప్పు కింద అందరిదీ ఒకే గాలి. వరస మొత్తానికీ కలిపి ఒక హద్దు ఇచ్చి, మీ చావు మీరు చావండన్నారు. ఆరు కొట్లవాళ్ళం ఏడాదిపాటు జుట్లు పట్టుకున్నాం. మా నాన్న లంకలో కాలవ లస్కరు. నీళ్ళు తక్కువైన ఏడు చేలకి వంతులు కట్టి పారించేవాడు. గాలిని కూడా అలాగే పంచుకుందామని నేనే అన్నాను. ఆఫీసువాళ్ళకి నచ్చి, ముద్ర వేసి, నలభై పేజీల నిబంధనలు తగిలించి మాకే తిరిగిచ్చారు.

113వ రోజు

సత్తిరాజు పోయాడు.

పది దాటి ఐదు నిమిషాలైంది. నేను ఇత్తడి బిందె బోర్లించి కొడుతున్నాను. పక్క కొట్లో మరకి బెల్టు ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒరిగిపోయాడట. నూకరత్నం పరిగెత్తుకొచ్చి నా సుత్తి పట్టేసుకుంది. నేను వెళ్ళేసరికే అయిపోయింది. నలభై నాలుగేళ్ళు. నిన్న సాయంత్రం పేకాటలో ఓడిపోయి, రేపు చెప్తా నీ పని అన్నాడు. ఏం చెప్పావురా వెధవా.

వరసంతా గుమ్మాల్లో నిలబడిపోయింది. మా అక్కకి డెబ్బై ఆరేళ్ళు. కర్ర ఊతంతో వీధి మధ్యకి వచ్చి చెప్పింది. “పోయినోడి వంతు ఎవురూ ముట్టుకోకూడదర్రా. లంకలో మా నాన్న పదకొండు రోజులు ఆ వంతు నీళ్ళు ఎవురి చేలోకీ ఎక్కనిచ్చేవోడు కాదు. మురుక్కాలవలోకి వదిలేసేవోడు. చేనెండిపోతన్నోడు కూడా నాకియ్యండని అడగలేదు.”

ఎవరూ కాదనలేదు. సత్తిరాజు మంచివాడు. గాలిని మించిన మర్యాద మా దగ్గర ఏముంది అతనికి ఇవ్వడానికి?

పదిన్నర నుంచి పన్నెండు: వాడలేదు. వివరాలు: సత్తిరాజు వంతు. పదకొండు రోజులు ఎవరూ ముట్టరాదు.

115వ రోజు

దుర్గారావు వచ్చి నా కొట్టు ముందు గొంతుక్కూర్చున్నాడు. కాసేపు చెవి గోక్కున్నాడు.

“గురూగారూ, ఓ మాటండి. సత్తిరాజు టైములో ఆడి గుమ్మంలో నేను రెండు మూటలు సావిడాయి చేపలు విప్పుతానండి. ఊరికే పోతంది కదండీ వంతు. పెట్టెకి కాస్త వాసన తగిలితే ఆడి పేరు మీదే వాడినట్టుంటాది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “బూడిద చల్లారలేదు, అప్పుడే వంతు మీద కన్నేశావట్రా? సిగ్గూ శరం ఉన్నాయా నీకు?” అని వరసంతా వినేలా అన్నాను. నా వంతులోనే అన్నాను కాబట్టి ఎంత గట్టిగా అరిచినా ఫరవాలేదు. వాడు తలొంచుకుని వెళ్ళిపోయాడు. వాడి పెళ్ళాం నా వంక చూడ్డం మానేసింది.

పదిన్నర నుంచి పన్నెండు: వాడలేదు.

118వ రోజు

సత్తిరాజు గుమ్మం మీది పెట్టెలో మొన్నటి నుంచి పసుపు దీపం వెలుగుతోంది. పంతొమ్మిదేళ్ళలో మా వరసలో ఆ రంగు చూడలేదు. ఖాళీగా ఉందని చెబుతోంది కాబోలు అనుకున్నాం. నూకరత్నం గుమ్మంలో కూర్చుని దాన్నే చూస్తోంది.

“ఆయనకి దీపం పెట్టినట్టుందన్నయ్యా” అంది.

నిజమే, నూనె దీపం పెట్టుకోడానికి లేదు, పొగ. మా అక్క ఎవరింటి నుంచో కాగితం పూలు తెచ్చి పెట్టె కింద వేలాడదీసింది. పోతూ వస్తూ అందరం దండం పెట్టుకుంటున్నాం. దుర్గారావు కూడా పెట్టాడు, నా వంక చూడకుండా.

పదిన్నర నుంచి పన్నెండు: వాడలేదు.

123వ రోజు

పదకొండో రోజు. తెల్లారేసరికి కప్పు బయట గట్టు మీద కర్మ చేయించి, ఎండ ముదరకముందే లోపలికొచ్చేశాం. ఇవాళ పదిన్నరకి మర తిప్పాలని నూకరత్నం నిన్ననే మిరపకాయలకి తొడిమలు తీసి పెట్టుకుంది. బెల్టు నేనెక్కిస్తానన్నాను.

వచ్చేసరికి కారం మరకి సీలు వేసి ఉంది. మేఘన గారు గొడుగు మడుచుకుంటూ కాగితంతో నిలబడి ఉంది.

“నూకరత్నం గారు మీరేనా అండీ? ముప్పై ఒకటో నిబంధన. వరసగా పది రోజులు వాడని వంతు ఆఫీసుకి దఖలు పడుతుంది. నిన్నటితో పది నిండాయి.”

“మా ఆయన పోయాడండి” అంది నూకరత్నం. “పదకొండు రోజులు పట్టింపండి మాకు. ఇయ్యాళతో అయిపోయింది. ఇదిగో ఇప్పుడే మొదలెట్టేత్తాను, సీలు తీసెయ్యండి.”

“నిన్న మొదలుపెట్టి ఉంటే ఇబ్బందే లేదండీ.”

“ముందు మాకొక మాట చెప్పాలి కదండీ!” అన్నాను నేను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. “నాలుగో రోజు నుంచీ చెబుతూనే ఉన్నాం కదా సింహాచలం గారూ. పసుపు దీపం ఎందుకు వెలుగుతోందనుకున్నారు?”

మేమందరం దానికి దండాలు పెట్టామని ఆవిడతో చెప్పలేకపోయాను. కాగితం పూలు ఇంకా వేలాడుతున్నాయి. ఆవిడ వాటిని చూసింది.

126వ రోజు

గాలి ఆఫీసులో విచారణ. నేను, నూకరత్నం, నా చంకలో ఈ పుస్తకం. నిజాయితీగా రాసిన పుస్తకం కదా, చూస్తే వాళ్ళకే అర్థమవుతుందని నేనే పట్టుకెళ్ళాను. నా అంత తెలివైనవాడు ఈ కప్పు కింద ఇంకోడు ఉండడు.

పై అధికారి పేజీలు తిప్పి, నా రాత పైకి చదివాడు. వాడలేదు. వాడలేదు. వాడలేదు. పదిసార్లు. “ఎవరూ ముట్టరాదని కూడా మీరే రాశారు కదండీ. అంటే వాడే అవకాశం ఉండి కూడా కావాలనే వాడలేదన్నమాట.” దానికన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదట.

ముప్పై ఒకటో నిబంధన నేను చదవలేదా? చదివాను. పుస్తకం ఇచ్చిన మొదటి వారంలోనే నలభై పేజీలూ చదివాను. కొట్టుకి తాళం వేసి ఎటో పోయేవాళ్ళ కోసం రాసి ఉంటారులే అనుకుని పేజీ తిప్పేశాను. చావుకీ దానికీ సంబంధం ఉంటుందని నా మట్టిబుర్రకి తట్టలేదు.

ఇంకో నిబంధన కూడా ఉంది. వంతు లేని కొట్టుని మూడు నెలల్లో ఖాళీ చేయాలి. కొట్టు పోతే వెనకున్న గది కూడా పోయినట్టే. కప్పు కింద ఇంకెక్కడా ఖాళీ లేదు. అంటే నూకరత్నం బయట రేకుల షెడ్లలోకి పోవాలి. పోయిన వేసవిలో అక్కడ ఎంతమంది పోయారో అందరికీ తెలుసు. నా వంతులో సగం ఈవిడకి రాసిస్తానన్నాను. వంతుని ముక్కలు చేయడం కుదరదన్నారు.

తిరిగొస్తూ నూకరత్నం వరస మొదట్లో ఆగి, “నీకు చదువొచ్చు కదన్నయ్యా” అంది. తిట్టినా బాగుండేది.

దుర్గారావు దగ్గరికి వెళ్ళాను. ఆ రోజు వాడి మాట విని ఉంటే, రెండు మూటలు విప్పి ఉంటే, ఈవిడ కొట్టు నిలిచేది. క్షమించమన్నాను. వాడు చేపలు కట్టలు కడుతూ, “నేనేం తెలిసి చెప్పలేదులెండి గురూగారూ. నాకూ ఆశే” అన్నాడు. కనీసం వాడు నిజం చెప్పాడు.

140వ రోజు

సత్తిరాజు వంతుని వేలంలో వీధి చివర కొత్త హోటలు పాడుకుంది. పేరు సువాయు విలాస్. మా వరస గాలిగొట్టానికి వాళ్ళ వంటింటి గొట్టం కలిపేశారు. లోపల ‘లంక వంటలు’ అని ఒక హాలు పెట్టారట. గదుల్లో దిగినవాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళెదురుగా ఎండుమిరపకాయలు వేయించి, రోట్లో దంచి, వేడన్నంలో కలిపి పెడతారు. జనం కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొడతారట.

ఇవాళ పదిన్నరకి ఆ ఘాటు వరసంతా నిండింది. నూకరత్నం దుర్గారావు కొట్లో కూలికి చేపలు ఏరుతోంది. చెయ్యి ఆపి వాసన పీల్చి, “మాడ్చేత్తన్నారు” అంది. మళ్ళీ చేపలు ఏరుకుంది.

పదిన్నర నుంచి పన్నెండు: సువాయు విలాస్. వాడారు. ఈ గీత కూడా నేనే నింపాలట.

171వ రోజు

నిబంధన మారింది. మేఘన గారు ఆరు కాగితాలు పంచింది. ఇకనుంచి పది రోజులు కాదు, ఒక్క రోజు. ఒక్క రోజు వాడకపోతే వంతు దఖలు. పెళ్ళి, చావు, జబ్బు, ఏ కారణమూ చెల్లదని కింద లావు అక్షరాల్లో అచ్చు వేశారు. వంతుల కోసం ఇంకా రెండు హోటళ్ళు బారులు తీరి ఉన్నాయట.

“ఒక్క రోజేంటండీ మరీ! మనిషన్నాక జ్వరం రాదా?” అన్నాడు దుర్గారావు.

“వస్తుందండీ. ఇంట్లో ఎవరో ఒకరు వచ్చి ఓ నిమిషం వాడితే చాలు. పెట్టెకి మనిషెవరో తెలీదు కదా” అంది ఆవిడ. ఆవిడ మంచిదే. మంచితనం కూడా నిబంధన ప్రకారమే ఉంటుంది.

188వ రోజు

అక్కకి ఆయాసం. తాలింపు పెట్టే ఓపిక లేదు, నేనే ఉడకేసిన పప్పు పెడుతున్నాను. నా వంతులో సుత్తి పట్టుకుంటే మంచం మీద నుంచి వింటూ, “ఆ బిందె సొట్ట ఇంకా పోలేదురా, మోతలో తెలుత్తంది” అని వంకలు పెడుతుంది.

ఇవాళ చెయ్యి పట్టుకుని కూర్చోమంది. “సింహాచలం, నేను పోయిన రోజున నీ వంతు ఆపకు. ముట్టుకోకూడదని అన్నదాన్ని నేనే. ఆ పిల్ల కొంప ముంచింది నా నోరే. నువ్వు మటుకు శవం పక్కనెట్టుకునైనా కొట్టు.”

“నోరు మూసుకో అక్కా” అన్నాను.

“మూసుకుంటానులే, తొందరలోనే” అంది.

తొమ్మిది నుంచి పదిన్నర: వాడాను.

201వ రోజు

పొద్దున్న ఐదింటికి అక్క పోయింది.

కొట్లో బల్ల మీద ఉన్న గిన్నెలు తీసేసి, చాప పరిచి పడుకోబెట్టాం. వంతుకి ఇంకా నాలుగు గంటలుంది. నూకరత్నం వచ్చి అక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. దుర్గారావు పెళ్ళాం వచ్చింది. ఇన్నాళ్ళకి నా మొహం చూసింది. ఎవరూ నోరు విప్పలేదు. పైన పెట్టె ఉంది. కొంగులు నోట్లో కుక్కుకుని, భుజాలు ఎగరేస్తూ కూర్చున్నారు ఆడవాళ్ళు. ఆ నాలుగు గంటలూ నేను గోడ గడియారం చూస్తూ గడిపాను. కన్నతల్లిలా పెంచిన మనిషి పక్కన పడుంటే గడియారం చూశాను.

తొమ్మిదైంది. అక్క మాట ప్రకారం సుత్తి తీసుకున్నాను. బిందె బోర్లించాను. ఒక్క దెబ్బ వేస్తే చాలు, వంతు నిలుస్తుంది. చెయ్యి లేవలేదు. ఆవిడ తలకి మూరెడు దూరంలో ఇత్తడి మీద ఎలా కొడతాను? వంతు పోతే పోనీ, షెడ్డులోకి పోయి చస్తానులే అనుకుని సుత్తి కింద పెట్టేశాను.

అప్పుడు నూకరత్నం నోట్లోంచి కొంగు తీసేసి, “అక్కా! బుల్లెమ్మక్కా! నన్నొదిలేసి ఎల్లిపోయావా అక్కా!” అని గుండెలు బాదుకుంది. దుర్గారావు పెళ్ళాం అందుకుంది. పైన ఆకుపచ్చ దీపం వెలిగింది.

నేను ఆ దీపాన్ని చూసి ఏడ్చాను. వెక్కి వెక్కి, గొంతు చించుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. పెట్టెకి ఏడుపైనా ఒకటే, సుత్తైనా ఒకటే. వంతులో చప్పుడైంది, వాడినట్టే.

మధ్యలో నూకరత్నం ఏడుపు ఆగిపోయింది. చెయ్యి గుండెల మీద అలాగే ఉంది. తలెత్తి పెట్టెని చూస్తోంది.

“ఏడిస్తే చాలా అన్నయ్యా?” అంది.

నేను చూపు బిందె మీదికి తిప్పుకున్నాను.

“ఆయన పోయినప్పుడు నేను ఒక్కసారి, ఒక్కసారి గట్టిగా ఏడ్చుంటే నా కొట్టు నిలిచేదా?”

113వ రోజున నేనిక్కడ రాయని మాట ఒకటుంది. ఆ రోజు పదిన్నరకి సత్తిరాజు వంతు మొదలవగానే ఈ అమ్మాయి మొగుడి మీద పడి ఏడవబోయింది. నేనే భుజం పట్టుకుని ఆపాను. ఊరుకో చెల్లెమ్మా, వంతు ముట్టుకోకూడదు, నీ ఏడుపు పెట్టెలో పడుతుంది అన్నాను. పెద్దవాణ్ణి కదా, చదువొచ్చినవాణ్ణి కదా, విని కొంగు నోట్లో పెట్టుకుంది. ఆ పూటే కాదు, పదకొండు రోజులూ తన వంతు గంటన్నరలో కూడా కిక్కురుమనకుండా కూర్చుంది.

ఈ మాట ఇప్పుడు తనకీ గుర్తొచ్చింది. నాకూ గుర్తొచ్చిందని నా మొహం చూసి తనకి తెలిసిపోయింది. ఇంకో పన్నెండు రోజుల్లో గది ఖాళీ చేయాలి తను.

కాసేపటికి మళ్ళీ ఏడవడం మొదలుపెట్టింది. ఈసారి అక్కా అని ఏడవలేదు. ఆయన పేరు పెట్టి ఏడ్చింది. ఎనభై ఎనిమిది రోజుల తర్వాత, నా వంతులో.

పదిన్నరకి హోటలు వంతు మొదలైంది. మేం నోళ్ళు మూసుకున్నాం.

తొమ్మిది నుంచి పదిన్నర: సింహాచలం. వాడాను.